పాత ప్యాకేజీని కొత్త సిస్టమ్ వద్దంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గోడు ఒకటే: "నిన్నటిదాకా ఎక్కిన ప్యాకేజీ ఇవాళ ఎక్కడం లేదు." ప్యాకేజీ అంటే కంప్యూటర్‌లో ఎక్కించడానికి (ఇన్‌స్టాల్ చేయడానికి) వీలుగా ఒక కట్టగా కట్టిన సాఫ్ట్‌వేర్. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, ఈసారి ప్యాకేజీ ఫార్మాట్ల సంగతే తీసుకున్నాను. సర్వర్లు చూసుకోవడం, ప్యాకేజీలు కట్టడం ఇరవై రెండేళ్ళుగా నా పని. పాత ఫార్మాట్ పోయి అవస్థ పడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను, తీసేసినవాళ్ళలోనూ ఉన్నాను. రెండూ చెబుతాను.

ప్రశ్న: మా పరిశోధన సంస్థలో పన్నెండేళ్ళ నాటి కొలత పరికరం ఒకటుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని అప్పట్లో పైథాన్ ఎగ్ ఫైలుగా ఇచ్చారు. ఈమధ్య కంప్యూటర్ మార్చాం. పిప్ ఆ ఫైలు ముఖం కూడా చూడటం లేదు. ఈజీ ఇన్‌స్టాల్ అనే ఆదేశమే లేదంటోంది. పరికరం చేసినవాళ్ళు ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. పాత ఫార్మాట్‌ని అలాగే ఉండనిస్తే ఎవరి సొమ్మేం పోయిందండీ?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. ముందు మీ పని సంగతి చూద్దాం, ఆ తర్వాత మీ ప్రశ్న.

ఎగ్ అంటే పైథాన్ భాషలో రాసిన సాఫ్ట్‌వేర్‌కి పాత ప్యాకేజీ ఫార్మాట్. దాన్ని ఎక్కించే పాత ఆదేశం ఈజీ ఇన్‌స్టాల్, ఇప్పుడు ఆ పని చేసేది పిప్. ఎగ్ ఫైలంటే లోపల ఉన్నది మామూలు జిప్పే. అసలు ఫైలు జోలికి పోకుండా ఒక కాపీ తీసుకుని, దాని మీద అన్‌జిప్ నడపండి. ప్రోగ్రాం ఉన్న ఫోల్డరు ఒకటి, పెద్దక్షరాల్లో 'ఎగ్-ఇన్ఫో' అనే ఫోల్డరు ఒకటి బయటపడతాయి. రెండోదాంట్లో పేరు, వెర్షను, ఏయే లైబ్రరీలు కావాలో రాసిన చిన్న ఫైళ్ళు ఉంటాయి. వాటిని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు. ఆ వివరాలు రాసి పెట్టుకోండి.

ఇక అసలైనది: ప్రోగ్రాం ఫోల్డరులో ఫైళ్ళ పేర్ల చివర ఏముందో చూడండి. '.పీవై' అని ఉంటే అది సోర్సు, మీరు ఒడ్డున పడ్డట్టే. వీల్ అనే ఉపకరణంలో 'కన్వర్ట్' ఆదేశం ఉంది, అది ఎగ్‌ని దాని తర్వాత వచ్చిన ఫార్మాట్‌కి, అంటే అదే పేరున్న వీల్‌కి మార్చి ఇస్తుంది. ఆ వీల్‌ని పిప్ తీసుకుంటుంది. కోడ్ పైథాన్ 2 నాటిదైతే దాన్ని పైథాన్ 3కి మార్చే పని వేరే ఉంటుందనుకోండి, కానీ కళ్ళ ముందు సోర్సు ఉంది కాబట్టి అది చేయగలిగిన పనే.

'.పీవైసీ' ఫైళ్ళు మాత్రమే ఉంటే సంగతి వేరు. అవి ఒక ఫలానా పైథాన్ వెర్షను కోసం ముందే కంపైల్ చేసినవి. ఎగ్ ఫైలు పేరు చివర 'పీవై2.7' అని ఉంటే, అది 2.7 తప్ప మరొకటి ఒప్పుకోదు. అలాంటిదాన్ని వీల్‌గా మార్చుకున్నా లాభం లేదు. డబ్బా మారుతుంది, లోపలి సరుకు మారదు. పైథాన్ 2కి 2020 జనవరి 1తో కాలం చెల్లింది, ఆఖరి విడుదల 2.7.18 అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. కాబట్టి పాత కంప్యూటర్ డిస్కు ఇంకా బతికి ఉంటే, ఈ వారంలోనే దాన్ని మొత్తంగా ఇమేజ్ తీసి వర్చువల్ మెషీన్‌లో నడపండి, నెట్‌వర్క్‌కి మాత్రం తగిలించకండి. "ఈ వారంలోనే" అని ఊరికే అనలేదు. పక్కన పడేసిన డిస్కులు మళ్ళీ ఆన్ చేసినప్పుడే ప్రాణం విడవడం నేను మూడుసార్లు చూశాను.

ఇప్పుడు మీ ప్రశ్న. ఎగ్ 2004లో సెటప్‌టూల్స్ అనే ప్యాకేజీలు కట్టే ఉపకరణంతో పాటు వచ్చింది. అప్పటికి పైథాన్ వాళ్ళకి అది పెద్ద వరమే. కానీ ఎగ్ అంటే ఏమిటో చెప్పే ఉమ్మడి ప్రమాణం లేదు. సెటప్‌టూల్స్ ఏం చేస్తే అదే ఎగ్. 2012లో ప్రతిపాదించిన వీల్‌కి రాతపూర్వకమైన నిర్వచనం ఉంది: పేరు ఎలా ఉండాలి, లోపల ఏ ఫైళ్ళుండాలి, ఒక్కో ఫైలు చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే విలువ) ఎక్కడ రాయాలి. పీవైసీలు అందులో పెట్టరు, అవి ఎక్కించిన కంప్యూటర్ మీదే తయారవుతాయి. మీకు జరిగిన నష్టం ఇంకొకరికి జరగకుండా ఆ ఒక్క నియమమే చాలావరకు అడ్డుపడుతుంది.

ఈజీ ఇన్‌స్టాల్‌తో నేను పడ్డ పాట్లు కూడా చెప్పాలి. దానితో ఎక్కించవచ్చు కానీ తీసేసే ఆదేశం లేదు. ఒక ప్యాకేజీ వద్దనుకుంటే 'ఈజీ-ఇన్‌స్టాల్.పీటీహెచ్' అనే ఫైలు తెరిచి, అందులో ఆ ప్యాకేజీ వరస వెతికి చేత్తో కొట్టేసి, ఆపైన ఫోల్డరు చెరపాలి. ఒకసారి పక్క వరస కొట్టేశాను. రాత్రి నడవాల్సిన లెక్కలన్నీ ఆగిపోయాయి, కారణం తెల్లారేదాకా అంతుపట్టలేదు. 2008లో వచ్చిన పిప్ మొదటి నుంచీ ఎగ్‌లను ఎక్కించలేదు. ఈజీ ఇన్‌స్టాల్ స్క్రిప్టును సెటప్‌టూల్స్ 2021లో తీసేసింది. పైథాన్ ప్యాకేజీల ఉమ్మడి భాండారమైన పైపీఐ 2023 ఆగస్టు 1 నుంచి కొత్త ఎగ్‌లు తీసుకోవడం మానేసింది.

ఎవరి సొమ్మేం పోయిందన్నారు కదా. ఒక ఫార్మాట్ బతికి ఉందంటే దాన్ని ఇన్‌స్టాలర్ ఒక్కటే మోయదు. ప్యాకేజీలు దాచే సర్వరు, దాని అద్దాలు (అంటే నకలు సర్వర్లు), వైరస్ తనిఖీ చేసే సాధనాలు, లైసెన్సులు చూసే సాధనాలు, ఏ ప్యాకేజీ ఏ వెర్షనో బిగించి పెట్టే లాక్‌ఫైళ్ళు రాసే సాధనాలు, అన్నీ మోయాలి. వీటిలో ఏ ఒక్కటి ఆ ఫార్మాట్‌ని సరిగా చదవకపోయినా అక్కడ ఒక కంత. వీల్‌ని తనిఖీ చేసి, పక్కనే అదే పేరుతో ఉన్న ఎగ్‌ని వదిలేసే సాధనం ఉందనుకోండి, దొంగ ఏ దారిన వస్తాడో చెప్పక్కర్లేదు.

అయితే ఒకటి గమనించండి. పైపీఐ కొత్తవి తీసుకోవడం ఆపింది తప్ప, ఉన్న ఎగ్ ఫైళ్ళను చెరపలేదు. నా దృష్టిలో న్యాయం అక్కడుంది. ఎక్కించడం ఆపడం వేరు, విప్పి చూడటానికి వీల్లేకుండా చేయడం వేరు. మొదటిది చేసే హక్కు సాఫ్ట్‌వేర్‌ని కనిపెట్టుకుని ఉన్నవాళ్ళకి ఉంది. రెండోది ఎవరూ చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. పాత ఫార్మాట్ చదివే కోడ్ ఎంతుంటుంది? నూటాయాభై లైన్లు? దాన్ని అక్కడే ఉంచేస్తే తినేదేముంది?

జవాబు: చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే మీ అంచనా నిజమే. కోడ్ చిన్నదే. రూబీ భాష ప్యాకేజీలను జెమ్ అంటారు, వాటిని ఎక్కించేది రూబీజెమ్స్. అందులో తొలినాళ్ళ జెమ్ ఫార్మాట్ చదివే ఫైలు తెరిచి చూడండి, దాదాపు మీరన్నంతే ఉంటుంది. ఈ రోజుల్లో జెమ్ అంటే ఒక టార్ ఫైలు, అంటే చాలా ఫైళ్ళను ఒకటిగా కట్టిన కట్ట: లోపల మెటాడేటా (ప్యాకేజీ వివరాలు), అసలు సరుకు, చెక్‌సమ్‌లు వేర్వేరు ముక్కలుగా ఉంటాయి. తొలినాటి జెమ్ అలా కాదు. అది పైన ఒక రూబీ స్క్రిప్టు, కింద యామ్ల్ అనే పాఠం పద్ధతిలో వివరాలు, ఆ కింద బేస్64గా, అంటే మామూలు అక్షరాలుగా మార్చిన ఫైళ్ళు, అన్నీ ఒకే పాఠంగా గుచ్చిన దండ. దాన్ని చదివే క్లాసు తలమీద రాసినవాళ్ళు ఒక వ్యాఖ్య పెట్టారు: ఇది అతి పురాతన ఫార్మాట్, దయచేసి ఇది లేనట్టే అనుకోండి, అని.

'లేనట్టే అనుకోండి' అన్న కోడే నాకు భయం. అది ఉంది, నడుస్తుంది, ఎవరూ అటు చూడరు. పైగా అందులోనే ఇంకో మాట ఉంది. భద్రతా విధానం కఠినంగా పెట్టుకున్నవాళ్ళు పాత జెమ్ ఎక్కించబోతే, పాత ఫార్మాట్ జెమ్‌లలో సంతకాలుండవు, వాటిని సరిచూడడం కుదరదు అని చెప్పి ఆపేస్తుంది. అంటే సరిచూడలేని దారి ఒకటి అధికారికంగా తెరిచి ఉందన్నమాట. కఠినంగా పెట్టుకోనివాళ్ళకి ఆ మాట కూడా వినపడదు.

మీరు అడగాల్సింది కోడ్ ఎన్ని లైన్లు అని కాదు. ఆ లైన్లని పరీక్షించడానికి నిజమైన పాత ఫైళ్ళు ఎవరి దగ్గరున్నాయి? ఎవడో కావాలని చెడగొట్టిన పాత ఫైలు ఇస్తే ఆ కోడ్ ఏం చేస్తుందో ఎవరు చూశారు? ప్యాకేజీ మేనేజర్, అంటే ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రాం, చాలాచోట్ల రూట్ అధికారంతో (సిస్టమ్‌లో ఏమైనా మార్చగల అధికారంతో) నడుస్తుంది. బయటినుంచి వచ్చిన ఫైలుని రూట్ చేతికిచ్చి విప్పమంటున్నామంటే, ఆ విప్పే ప్రతి లైనూ ఎవరో ఒకరికి కంఠస్థం వచ్చి ఉండాలి. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ఉపకరణంలో దొంగతలుపు బయటపడ్డప్పుడు, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న లైబ్రరీ మీద ఎన్ని సిస్టమ్‌లు ఆనుకుని ఉన్నాయో అందరికీ తెలిసొచ్చింది. ఎక్స్‌జెడ్ పాతబడిన ఫార్మాట్ కాదు, కానీ పట్టించుకునేవాళ్ళు కరువైన కోడ్ ఎంత ప్రమాదమో అదే చెప్పింది.

మీరు విద్యార్థి కాబట్టి ఒక పని చెబుతాను, నిజంగా చేయండి. మీకు నచ్చిన ప్యాకేజీ మేనేజర్ సోర్సులో 'ఓల్డ్', 'లెగసీ', 'కంపాట్' అన్న పేర్లున్న ఫైళ్ళు వెతకండి. ప్రతిదానికీ పరీక్షలు ఉన్నాయో లేదో చూడండి. లేనిచోట ఒక పరీక్ష రాసి పంపండి. తీసేయాలో ఉంచాలో తేల్చుకోవడానికి దాన్ని చూసుకునేవాళ్ళకి అంతకన్నా పెద్ద సాయం లేదు.

ప్రశ్న: ఉబుంటు కోసం ఇచ్చిన డెబ్ ఫైలుని డెబియన్ 11 సర్వర్ మీద ఎక్కించబోతే, తెలియని కంప్రెషన్ అని చెప్పి వదిలేసింది. మూడుసార్లు డౌన్‌లోడ్ చేశాను. ఫైలు పాడైందా?

జవాబు: ఫైలు బాగానే ఉంది. మీ సిస్టమే పాతది. పైన వచ్చిన ఉత్తరాలకు మీది అద్దంలో బొమ్మలాంటిది, అక్కడ ఫార్మాట్ పాతబడింది, ఇక్కడ చదివేవాడు పాతబడ్డాడు.

డెబ్ అంటే డెబియన్, ఉబుంటు అనే లైనక్స్‌ల ప్యాకేజీ ఫార్మాట్. డెబ్ ఫైలుని 'ఏఆర్' అనే యూనిక్స్ ఉపకరణంతో విప్పితే లోపల మూడే మూడు ఫైళ్ళు. మొదటిది 'డెబియన్-బైనరీ'. అందులో 2.0 అని ఒకే వరస ఉంటుంది, అది ఫార్మాట్ వెర్షను. రెండోది కంట్రోల్ టార్: పేరు, ఆధారాలు, ఎక్కించేటప్పుడు నడిచే స్క్రిప్టులు. మూడోది డేటా టార్: అసలు ఫైళ్ళు. ఉబుంటు 2021 అక్టోబరులో వచ్చిన 21.10 నుంచి ఈ టార్‌లను జెడ్‌స్టాండర్డ్ అనే కొత్త కంప్రెషన్‌తో కుదించడం మొదలుపెట్టింది. దానికి రెండు నెలల ముందు విడుదలైన డెబియన్ 11లో డెబ్‌లు ఎక్కించే ప్రోగ్రాం డీపీకేజీకి ఆ కంప్రెషన్ తెలియదు. 2023లో వచ్చిన డెబియన్ 12కి తెలుసు.

దారి ఇది: ఏఆర్‌తో మూడూ బయటికి తీయండి. రెండు టార్‌లనీ జెడ్‌స్టాండర్డ్ ఉపకరణంతో విప్పి, ఎక్స్‌జెడ్‌తో మళ్ళీ కుదించండి. తర్వాత ఏఆర్‌తోనే తిరిగి కట్టండి, కానీ వరస తప్పకూడదు: ముందు డెబియన్-బైనరీ, తర్వాత కంట్రోల్, ఆఖరున డేటా. వరస మారితే డీపీకేజీ దాన్ని డెబ్‌గా గుర్తించదు.

ఇంత చేశాక కూడా అది నడుస్తుందని నేను మాటివ్వలేను. ఉబుంటు కోసం కట్టినదానికి అక్కడి సి లైబ్రరీ వెర్షను కావాల్సి రావచ్చు. సర్వరుని డెబియన్ 12కి గానీ ఆ పైదానికి గానీ మార్చే వీలుంటే అదే చేయండి.

ప్రశ్న: మా సంస్థకి సొంత ప్యాకేజీ భాండారం ఉంది. దాన్ని చూసుకునేది నేనే. పాత ఫార్మాట్ ఒకటి తీసేద్దామనుకుంటున్నాను. లాగులు (వాడకం నమోదయ్యే ఫైళ్ళు) చూస్తే ఏడాదిగా దాన్ని ఎవరూ వాడలేదు. ధైర్యంగా తీసేయొచ్చా?

జవాబు: ఆగండి. మీ స్థానంలో నేనొకసారి ఉన్నాను, అచ్చం ఈ మాటే అనుకున్నాను.

నేను అప్పట్లో పనిచేసిన చోట లోపలి వాడకానికి ఒక ప్యాకేజీ సాధనం ఉండేది. మూడు ఫార్మాట్లు చదివేది. అన్నిటికన్నా పాతదాన్ని పద్నాలుగు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదని లాగులు చెప్పాయి. కోడ్ తీసేశాను. పరీక్షలన్నీ పచ్చగా పాసయ్యాయి, ఆ రోజు చాలా తృప్తిగా ఇంటికి వెళ్ళాను. రెండు నెలలు తిరక్కుండా పక్క విభాగం నుంచి ఒకావిడ వచ్చింది. ఆరేళ్ళ కిందట ఇచ్చిన ఒక నివేదికలో అంకెలు ఎలా వచ్చాయో తనిఖీ వాళ్ళు అడిగారట, అప్పటి వెర్షనుతోనే మళ్ళీ లెక్క కట్టి చూపించాలట. ఆ వెర్షను ఉన్నది పాత ఫార్మాట్‌లోనే. ఆమె చేతిలో ప్యాకేజీ ఉంది, దాన్ని తెరిచే సాధనాన్ని నేను మాయం చేశాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. గడువు ఎల్లుండే అని మాత్రం చెప్పింది.

లాగులు చెప్పేది గడిచిన పద్నాలుగు నెలల సంగతి. ఆ తనిఖీ జరిగేది ఆరేళ్ళకోసారి. ఎవరూ అడగలేదంటే ఎవరికీ అక్కర్లేదని కాదు, ఇంకా అడిగే రోజు రాలేదని కూడా కావచ్చు. ఆ రాత్రి పాత కోడ్‌ని గిట్ (కోడ్ పాత ప్రతులు దాచే సాధనం) చరిత్రలోంచి వెనక్కి తవ్వి తీసి, దాన్ని మళ్ళీ ఇన్‌స్టాలర్‌లో కలపకుండా, విప్పడం తప్ప మరేమీ చేయని చిన్న సాధనంగా కట్టాను. అది ఏ స్క్రిప్టునీ నడపదు, రూట్ అధికారం అడగదు, ఇచ్చిన ఫోల్డరు దాటి ఒక్క ఫైలు కూడా రాయదు. రెండువందల నలభై లైన్లు. ఆమె గడువు దాటలేదు.

కాబట్టి మీకు నేను చెప్పే వరస ఇది. ముందు ఆ ఫార్మాట్‌లో కొత్త ప్యాకేజీలు కట్టడం ఆపండి. తర్వాత భాండారంలోకి తీసుకోవడం ఆపండి. మూడో మెట్టు, ఎక్కించడం. ఒక్కో మెట్టుకీ మధ్య కనీసం ఒక పెద్ద విడుదలంత ఎడం ఉండనివ్వండి. విప్పే సాధనాన్ని మాత్రం విడిగా తీసి ఉంచండి, అది ఎక్కడుందో ఎక్కించడం ఆపినప్పుడు వచ్చే ఎర్రర్ సందేశంలోనే చెప్పండి. "ఈ ఫార్మాట్‌కి మద్దతు లేదు" అని ఊరుకునే సందేశం నాకు తలుపు ముఖం మీద వేసినట్టుంటుంది. "ఈ ఫార్మాట్ ఎక్కించడం ఫలానా వెర్షనుతో ఆపాం, ఫలానా సాధనంతో విప్పుకోవచ్చు" అని రాయడానికి మీకు పట్టేది ఐదు నిమిషాలు.

హెచ్చరిక ఎవరికి చూపిస్తున్నారో కూడా చూసుకోండి. పాత ఫార్మాట్‌లో ప్యాకేజీ కట్టినవాడికి చేరని హెచ్చరిక వృథా. ఎక్కించుకునేవాడికి దాన్ని మార్చే అధికారం లేదు, అతను పది రోజులు ఆ పసుపు అక్షరాలు చూసి, పదకొండో రోజు నుంచి చదవడం మానేస్తాడు.

వ్యవధి ఎంత ఇవ్వాలంటే, పీహెచ్‌పీ వాళ్ళని చూడండి. వాళ్ళ ప్యాకేజీ మేనేజర్ కంపోజర్. కంపోజర్ 2 వచ్చింది 2020 అక్టోబరులో. వాళ్ళ భాండారం ప్యాకేజిస్ట్ 2021 ఫిబ్రవరి నుంచి కంపోజర్ 1కి కొత్త వివరాలు ఇవ్వడం ఆపింది, ఉన్నవాటిని మాత్రం 2025 దాకా అందిస్తూనే ఉంది. కొత్తదానికి మారమని గట్టిగా చెబుతూనే, మారలేనివాళ్ళ పని మధ్యలో ఆగకుండా చూశారు. కోండా అనే మరో ప్యాకేజీ మేనేజర్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. 2019లో '.కోండా' అనే కొత్త ఫార్మాట్ తెచ్చారు. పాత టార్ బీజిప్2 ఫైలులో వివరాలు మాత్రమే చూడాలన్నా కట్ట మొత్తం విప్పాల్సి వచ్చేది. కొత్తదాంట్లో వివరాలు ఒక టార్, సరుకు ఒక టార్, రెండూ ఒక జిప్‌లో. పాతదాన్ని ఎక్కించడం ఆపకుండానే, ఒకదాన్ని ఇంకొకటిగా మార్చే ఉపకరణం కూడా చేతికిచ్చారు. మార్చుకునే ఉపకరణం ముందే ఇచ్చినవాళ్ళ మీద ఎవరికీ కోపం రాదు.

అన్నిటినీ తీసేయాల్సిన పని కూడా లేదు. డెబియన్‌లో 0.93కి ముందు వాడిన డెబ్ ఫార్మాట్ ఒకటుంది. మొదటి వరసలో 0.939000 అనే వెర్షను అంకె, రెండో వరసలో కంట్రోల్ భాగం ఎంత పొడవో చెప్పే ఒక సంఖ్య, ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి రెండు టార్‌లు. అంతే. దాన్ని వివరించే 'డెబ్-ఓల్డ్' అనే మాన్యువల్ పేజీ ముప్ఫై ఏళ్ళు దాటాక కూడా డీపీకేజీతో వస్తోంది. అంత సరళమైనదాన్ని మోయడానికి ఖర్చేమీ లేదు. మీ పాత ఫార్మాట్ అలాంటిదో, రూబీ దండలాంటిదో తెరిచి చూసి తేల్చుకోండి.

ప్రశ్న: 2018 నుంచి తెరవని ఆర్చ్ లైనక్స్ ల్యాప్‌టాప్‌ని అప్‌డేట్ చేయబోతే ఆర్కైవ్ ఫార్మాట్ గుర్తుపట్టలేదంటోంది. ఆ కొత్త ఫార్మాట్ చదవాలంటే కొత్త లైబ్రరీ కావాలి, ఆ లైబ్రరీ కొత్త ఫార్మాట్‌లోనే ఉంది!

జవాబు: చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంది మీ పని. 2018 వేసవిలో మూసిన నా ల్యాప్‌టాప్ 2020లో తెరిస్తే నాకూ ఇదే ఎదురైంది. ఆర్చ్ వాళ్ళు 2019 డిసెంబరు ఆఖరులో ఎక్స్‌జెడ్ నుంచి జెడ్‌స్టాండర్డ్‌కి మారారు. ప్యాకేజీల మొత్తం పరిమాణం 0.8 శాతం పెరిగింది, విప్పే వేగం మాత్రం 1300 శాతం పెరిగిందని ప్రకటించారు. ఆ లాభం కోసం ఎవరైనా మారతారు. ప్యాకేజీలు విప్పే లిబ్‌ఆర్కైవ్ అనే లైబ్రరీకి ఏడాది ముందే ఆ చదువు చెప్పించి, ఆ తర్వాతే మారారు, అందుకని రోజూ అప్‌డేట్ చేసేవాళ్ళకి అసలు తెలియనే లేదు.

ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ పేరు పాక్‌మాన్. బయట ఏ లైబ్రరీ మీదా ఆధారపడకుండా అన్నీ తనలోనే కలుపుకున్న పాక్‌మాన్ స్టాటిక్ అనే ప్రోగ్రాం ఉంది. ముందు దాన్ని దించి, దానితోనే అప్‌డేట్ నడపండి. మీ దగ్గర తాళాల గుత్తి, అంటే సంతకాల కీరింగ్ కూడా పాతబడి ఉంటుంది, మొదట దాన్నే తాజా చేయండి. ఫైళ్ళు బ్యాకప్ తీసుకుని మళ్ళీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్నా తప్పేం లేదు. నేను చివరికి అదే చేశాను.

ప్రశ్న: ఆర్‌పీఎం ఫైలు అదే, ఫార్మాట్ అదే. రెడ్‌హ్యాట్ 8లో ఎక్కింది, 9లో సంతకం చెల్లదంటోంది. ఇదీ ఫార్మాట్ గొడవేనా?

జవాబు: ఆర్‌పీఎం అంటే రెడ్‌హ్యాట్, ఫెడోరా లైనక్స్‌ల ప్యాకేజీ ఫార్మాట్. మీది డబ్బా గొడవ కాదు, సీలు గొడవ. ఆ ప్యాకేజీ మీద సంతకం షా-1 పద్ధతిలో పెట్టి ఉంటారు. షా-1 ఒక్కో ఫైలుకీ వేలిముద్రలాంటి ఒక విలువ కట్టే పాత పద్ధతి. ఒకే షా-1 విలువ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్ళు తయారుచేయగలమని గూగుల్, నెదర్లాండ్స్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు 2017లోనే చేసి చూపించారు. 2022లో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9 అలాంటి సంతకాలను మామూలుగా ఒప్పుకోదు.

సిస్టమ్ మొత్తం భద్రతా విధానాన్ని పాతస్థాయికి దించే ఆదేశం ఒకటి ఉంది. ఎవరో ఒకరు మీకు దాన్ని సలహాగా ఇస్తారు. వద్దండి. ఒక్క ప్యాకేజీ కోసం ఇల్లంతటి తలుపులూ తీసి పెట్టడం అది. ప్యాకేజీ ఇచ్చినవాళ్ళని అడగండి: సాఫ్ట్‌వేర్ మళ్ళీ కట్టక్కర్లేదు, ఉన్న ఆర్‌పీఎం మీదే షా-256తో కొత్త సంతకం పెడితే చాలు. వాళ్ళకది పది నిమిషాల పని. వాళ్ళు కుదరదంటే, ఆ ప్యాకేజీని ఇంకా నమ్మాలా వద్దా అనేదాని గురించి మీకు కావాల్సిన సమాచారం దొరికినట్టే.

ప్రశ్న: ఫెడోరాలో డెల్టా ఆర్‌పీఎంలు ఏమయ్యాయి? డేటా ఆదా అయ్యేది.

జవాబు: 2024లో ఫెడోరా 40తో ఆపేశారు. తేడా మాత్రమే దించి, మీ కంప్యూటర్ మీద పూర్తి ప్యాకేజీని మళ్ళీ కట్టే పద్ధతి అది. కొన్ని ప్యాకేజీలకే, అదీ దగ్గరి వెర్షన్లకే డెల్టాలు ఉండేవి. కట్టడం విఫలమైతే పూర్తి ఫైలు మళ్ళీ దించాల్సి వచ్చేది. నెమ్మది కనెక్షన్ ఉన్నవాళ్ళకి ఇది నిజంగా లోటే, నేను కాదనను.

ప్రశ్న: నేను ఇప్పుడు రాసే సాఫ్ట్‌వేర్ ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తెరుచుకోవాలి. ఏ ఫార్మాట్‌లో దాచమంటారు?

జవాబు: ఎక్కించే ప్యాకేజీ ఏదైనా కట్టుకోండి, దాచేది మాత్రం సోర్సుని దాచండి. మామూలు టార్‌లో, జీజిప్‌తో కుదించి. టార్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షనుతో బయటికొచ్చింది, జీజిప్ 1992 నాటిది, ఇవాళ్టికీ ఏ సిస్టమ్‌లోనైనా విప్పుకుంటాయి. కంప్రెషన్ ఆదా కోసం ఈ ఏడాది కొత్తగా వచ్చినదాన్ని దాచుకునే ప్రతికి వాడకండి.

టార్ పక్కనే మూడు పాఠం ఫైళ్ళు పెట్టండి: ఏ లైబ్రరీ ఏ వెర్షను కావాలో, కట్టడానికి ఏయే ఆదేశాలు ఏ వరసలో నడిపారో, ప్రతి ఫైలుకీ షా-256 విలువ. ఆ లైబ్రరీల సోర్సులు కూడా అదే ఫోల్డరులో ఉండాలి. నెట్‌లో ఉన్నాయి కదా అని వదిలేయకండి.

తర్వాత ఏడాదికోసారి, మీ సాఫ్ట్‌వేర్ ఏమిటో తెలియని ఒక సహోద్యోగికి ఆ ఫోల్డరు, ఖాళీ మెషీన్ ఒకటి ఇచ్చి కట్టమనండి. మీరు పక్కన కూర్చోండి కానీ మాట్లాడకండి. ఆయన ఎక్కడ ఆగి మీ వైపు చూస్తారో, ఆ వాక్యం మీ ఆదేశాల ఫైలులో లేదన్నమాట. అక్కడే రాసేయండి.